జఖారోవ్–డానిలాఫ్ వ్యవహారం, 1986: శిఖరాగ్ర సమావేశం ఆగలేదు, రాయబార కార్యాలయాలు నష్టపోయాయి

తిరుపతి బాలాజీ కాలనీలో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం విద్యార్థులకూ, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికీ అంతర్జాతీయ సంబంధాలు బోధించడం నా వృత్తి. గూఢచర్యం మాట ఎత్తగానే మా విద్యార్థులు రెండు కేసుల పేర్లు చెబుతారు. ఒకటి 1994 నాటి ఇస్రో కేసు. శ్రీహరికోట మా జిల్లాలోనే ఉంది కనుక ఆ కేసు గురించి ఇక్కడ వినని వారుండరు. రెండవది గూఢచర్యం ఆరోపణపై పాకిస్తాన్ ఖైదులో ఉన్న కుల్‌భూషణ్ జాదవ్ కేసు. మొదటిదానిలో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ అరెస్టే అనవసరమని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా అది రెండు ప్రత్యర్థి దేశాల సంబంధాలను కుదిపిన కేసు కాదు. రెండవది ఇప్పటికీ ముగియలేదు. ముగియని కేసును, అందులోనూ మన దేశమే ఒక పక్షంగా ఉన్న కేసును ముందుగా ఎత్తుకుంటే, తరగతిలో చర్చ ఎవరిది న్యాయం అన్న దగ్గరే ఆగిపోతుంది; ఎవరు ఏం పోగొట్టుకున్నారన్న ప్రశ్న వరకు రాదు. అందుకని, మనకు ఏ పక్షంతోనూ పేగుబంధం లేని, ఇరువైపుల సంగతులూ చాలావరకు బయటపడిన 1986 నాటి అమెరికా–సోవియట్ వ్యవహారంతో మొదలుపెట్టి, జాదవ్ కేసును చివరకు తెస్తాను.

తరగతి గదిలో ఈ కేసును నడిపే పద్ధతి ఇది. విద్యార్థులు వాషింగ్టన్, మాస్కో అనే రెండు జట్లుగా కూర్చుంటారు. ఒక్కో తేదీకి ఒక్కో కాగితం ఇస్తాను. ఆ తేదీ నాటికి నాయకులకు తెలిసిన సంగతులు తప్ప అందులో మరేమీ ఉండవు. తరువాతి కాగితం అందేలోపు ప్రతి జట్టూ తన నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. పట్టుబడిన గూఢచారి వల్ల రెండు ప్రత్యర్థి దేశాల సంబంధాలు సరిగ్గా ఏ చోట దెబ్బతింటాయన్నది తేల్చవలసిన ప్రశ్న. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: అగ్రనేతల మధ్య చర్చలు తొందరగానే కోలుకుంటాయి, కోలుకోనిది, లేదా చాలా ఆలస్యంగా కోలుకునేది, ఒకరి రాజధానిలో మరొకరు నడుపుకునే కార్యాలయం.

నేపథ్యం

1985 నవంబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ జెనీవాలో తొలిసారి కలుసుకున్నారు. మరుసటి సమావేశం 1986లో అమెరికాలో జరపాలని అనుకున్నారే గాని తేదీ కుదరలేదు. 1985లోనే అమెరికాలో వరసగా గూఢచారులు పట్టుబడ్డారు. నౌకాదళ సంకేత రహస్యాలను ఏళ్ల తరబడి మాస్కోకు అమ్ముకున్న జాన్ వాకర్ ముఠా వారిలో ముఖ్యమైనది. ఈ వేడిలోనే, ఐక్యరాజ్యసమితిలోని సోవియట్ ప్రతినిధి బృందాల సిబ్బందిని 275 నుంచి 170కి విడతలవారీగా తగ్గించాలని 1986 మార్చిలో అమెరికా ఆదేశించింది. అంటే, మనం చెప్పుకోబోయే అరెస్టులకు ముందే సిబ్బంది సంఖ్య మీద తగాదా మొదలై ఉంది. విద్యార్థులు ఈ మార్చి నెల కాగితాన్ని చదివి పక్కన పెట్టేస్తారు. అక్టోబరుకు వచ్చేసరికి మళ్లీ దాన్నే వెతుక్కుంటారు.

రెండు అరెస్టులు

ఆగస్టు 23న న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఒక సబ్‌వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద గెన్నడీ జఖారోవ్‌ను అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పట్టుకుంది. ఆయన సోవియట్ భౌతిక శాస్త్రవేత్త. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఉద్యోగి. రక్షణ పరికరాల సంస్థలో పనిచేసే ఒక యువకుడికి డబ్బిచ్చి, జెట్ ఇంజిన్‌కు సంబంధించిన రహస్య పత్రాలు తీసుకుంటుండగా దొరికాడు. ఆ యువకుడు మొదటినుంచీ ఎఫ్‌బీఐకి చెప్పే నడుచుకుంటున్నాడు.

సరిగ్గా వారానికి, ఆగస్టు 30న, మాస్కోలోని లెనిన్ హిల్స్ దగ్గర అమెరికన్ విలేఖరి నికొలస్ డానిలాఫ్‌ను సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ పట్టుకుంది. మాస్కోలో ఆయన ఉద్యోగకాలం ముగియవచ్చింది. మీషా అని పిలుచుకునే ఒక పరిచయస్థుడు వీడ్కోలు చెప్పడానికి వచ్చి, అంటించిన ఒక పొట్లం చేతికిచ్చి వెళ్లాడు. డానిలాఫ్ దాన్ని విప్పి చూసుకోకముందే కేజీబీ మనుషులు చుట్టుముట్టారు. పొట్లంలో రహస్యం అని ముద్ర ఉన్న మ్యాపులు, ఫొటోలు బయటపడ్డాయి. ఆయనను లెఫొర్టొవో జైలుకు తీసుకెళ్లారు.

ఇది బదులుకు బదులని వేరే చెప్పనక్కరలేదు. అయితే బదులుకు ఒక విలేఖరినే ఎందుకు ఎంచుకున్నారన్నది చూడవలసిన విషయం. మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి ఎవరో ఒక అధికారిని వెళ్లగొట్టి ఊరుకోవచ్చు కదా?

జవాబు 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందంలో ఉంది. దౌత్యవేత్తను అరెస్టు చేయడానికీ, విచారించడానికీ వీల్లేదు. కానీ 9వ అధికరణ ప్రకారం ఆతిథ్య దేశం ఏ కారణమూ చూపకుండానే అతన్ని 'పర్సోనా నాన్ గ్రాటా', అంటే అవాంఛిత వ్యక్తి, అని ప్రకటించి పంపించేయవచ్చు. గూఢచర్యం ప్రపంచమంతటా జరుగుతూనే ఉన్నా ప్రతి ఘటనా సంక్షోభంగా మారకపోవడానికి ఈ ఏర్పాటే కారణం. పట్టుబడినవాడు విమానం ఎక్కుతాడు, అవతలి దేశం కూడా అంతమందిని విమానం ఎక్కిస్తుంది, నాలుగు రోజులు పత్రికల్లో వార్తలొస్తాయి, అంతటితో అణగిపోతుంది. 1971లో బ్రిటన్ ఒక్కసారే 105 మంది సోవియట్ అధికారులకు తన దేశంలో చోటు లేదని చెప్పినప్పుడు కూడా ఇరుదేశాల దౌత్య సంబంధాలు తెగిపోలేదు. జఖారోవ్ సంగతి వేరు. ఐరాస సచివాలయ ఉద్యోగికి అటువంటి దౌత్య రక్షణ లేదు కనుక ఆయన నేరుగా జైలుకు వెళ్లాడు, ఆయన మీద కేసు నడవాలి, నేరం రుజువైతే అమెరికా జైల్లో ఏళ్లు గడపాలి. ఆయనను వెనక్కి రప్పించుకోవాలంటే మాస్కో చేతిలో అదే తరహా మనిషి ఉండాలి: దౌత్య రక్షణ లేనివాడు, జైల్లో పెట్టదగినవాడు, అమెరికా ప్రజలకు పేరు తెలిసినవాడు. విలేఖరి ఈ మూడింటికీ సరిపోతాడు.

మన విశాఖపట్నం కేసును ఇదే కొలతతో చూడమని విద్యార్థులకు చెబుతాను. 2019 డిసెంబరులో, పాకిస్తాన్‌కు సమాచారం చేరవేస్తున్నారన్న ఆరోపణపై నౌకాదళ సిబ్బందిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు పట్టుకున్నారు. తరువాత దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ చేతికి వెళ్లింది. తీవ్రతలో అది చిన్న కేసేమీ కాదు. కానీ నిందితులు మన పౌరులే అయినందున వెనక్కి అడిగేవారూ లేరు, మార్పిడికి బేరమూ లేదు. అది నేర విచారణగానే సాగింది.

వాషింగ్టన్‌లో ఇబ్బంది

సెప్టెంబరు మొదటి వారంలో రీగన్, డానిలాఫ్ గూఢచారి కాడని వ్యక్తిగతంగా హామీ ఇస్తూ గోర్బచేవ్‌కు లేఖ రాశారు. ఆ మాట నిజమే. అయినా దాని వెనుక ఒక చిక్కు ఉంది, కేసు అంతటికీ అదే కీలకమని నేను భావిస్తాను.

1985 జనవరిలో, తాను మతాచార్యుడినని చెప్పుకున్న 'ఫాదర్ రోమన్' అనే వ్యక్తి పేరుతో డానిలాఫ్‌కు ఒక కవరు అందింది. అందులోని సరకు తనకు సంబంధించినది కాదని గ్రహించిన విలేఖరి దాన్ని అమెరికా రాయబార కార్యాలయంలో అప్పగించాడు. లోపల అమెరికా గూఢచార సంస్థ సీఐఏను ఉద్దేశించిన ఉత్తరం ఉంది. ఆ తరువాత సీఐఏ ఆ రోమన్‌ను అందుకునే ప్రయత్నంలో డానిలాఫ్ పేరు వాడింది. ఆ ఆధారం కేజీబీకి చిక్కింది. డానిలాఫ్ నిర్దోషి, కానీ సోవియట్ న్యాయస్థానంలో నిలబెడితే దోషిగా చూపడానికి కాగితం సిద్ధంగా ఉంది, ఆ కాగితం పుట్టింది అతని సొంత దేశపు సంస్థ చేతుల్లో. విదేశాంగ మంత్రి జార్జ్ షుల్జ్‌కు ఈ సంగతి అర్థమైన తరువాతే, ఎట్టి పరిస్థితుల్లోనూ విచారణ వరకు పోనివ్వకూడదన్న తొందర ఆయనలో కనిపిస్తుంది.

ఈ కాగితం ఇచ్చేవరకు వాషింగ్టన్ జట్టు ఏటేటా ఒకే పాట పాడుతుంది: డానిలాఫ్‌ను బేషరతుగా వదలండి, లేకుంటే శిఖరాగ్ర సమావేశం రద్దు. ఒక బ్యాచ్‌లో పలమనేరు నుంచి వచ్చిన అమ్మాయి విదేశాంగ మంత్రి పాత్రలో ఉండేది. రోమన్ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, "అంటే మనవాళ్లు చేసిన పనికే అతను లోపల ఉన్నాడు కదా సార్, మరి బేషరతుగా వదలమని ఏ మొహంతో అడగాలి?" అంది. అప్పటివరకు తన జట్టు రాసిన ముసాయిదాను తనే కొట్టేసి, విచారణ వాయిదా కోరుతూ రెండు పంక్తులు రాసింది. షుల్జ్ నడిచిన దారి కూడా దాదాపు అదే: ముందు ఇద్దరినీ జైళ్లనుంచి బయటికి తేవడం, మిగిలిన బేరం ఆ తరువాత.

బయటపడిన దారి

సెప్టెంబరు 12న ఇద్దరినీ జైళ్లనుంచి విడిచి ఎవరి రాయబారికి వారిని అప్పగించారు. దేశం విడిచి వెళ్లే వీలు మాత్రం ఇద్దరికీ లేదు. 17న అమెరికా, ఐరాసలోని సోవియట్ బృందం నుంచి 25 మంది పేర్లు చెప్పి వెళ్లిపొమ్మంది. ఇది మార్చి నాటి ఆదేశానికి కొనసాగింపు అని చెప్పుకున్నా, సమయం చూస్తే బెత్తం ఝళిపించడమే. రెండు రోజులకు సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్డ్‌నాడ్జ్ గోర్బచేవ్ లేఖతో వైట్‌హౌస్‌కు వచ్చారు. అందులో గూఢచర్యం మీద రుసరుసలతో పాటు ఒక కొత్త ప్రతిపాదన ఉంది: పూర్తిస్థాయి పర్యటన వరకు ఆగకుండా, లండన్‌లోనో ఐస్‌లాండ్‌లోనో త్వరలో కలుద్దాం.

మాస్కో జట్టులోని విద్యార్థులకు ఈ లేఖ మింగుడుపడదు. అవతలివాడు మన 25 మందిని గెంటేస్తుంటే మనమే పిలిచి కూర్చోబెట్టడమేమిటని అడుగుతారు. గోర్బచేవ్‌కు ఆ సమావేశం ఎంత అవసరమో, ఆయుధ పోటీ ఖర్చు సోవియట్ ఆర్థిక వ్యవస్థను ఎలా పీలుస్తోందో ఆ సరికి చెబితేగాని వారికి దారి కనబడదు. రీగన్‌కు కూడా ఆ సమావేశం కావాలి. గట్టిగా కావాలనుకున్న పని ఒకటి ఇద్దరి ముందూ ఉండబట్టే మధ్యలోని ముళ్లను ఏరుకుంటూ పోయారు.

సెప్టెంబరు 29న డానిలాఫ్ మాస్కో వదిలి వెళ్లాడు. 30న జఖారోవ్ బ్రూక్లిన్ కోర్టులో ఆరోపణలను ఎదుర్కోదలచుకోలేదని చెప్పి అదే రోజు దేశం విడిచాడు. సైబీరియా ప్రవాసంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త, హక్కుల ఉద్యమకారుడు యూరి ఓర్లోవ్‌ను భార్యతో సహా దేశం దాటనిస్తారన్న ప్రకటన కూడా 30నే వెలువడింది. అక్టోబరు 11, 12 తేదీల్లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో సమావేశమన్న ప్రకటన కూడా ఆనాడే వచ్చింది. ఇది మార్పిడి కాదని రీగన్ ఖండితంగా చెప్పారు. వాదన ఏమిటంటే, విలేఖరిని షరతు లేకుండా వదిలారు, గూఢచారిని ఓర్లోవ్‌కు బదులుగా వదిలాము. ఒకే బేరాన్ని ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు నిర్ణయాలుగా పేర్చి చూపించారు. తెలిసినవారందరికీ తెలుసు, కానీ ఇరువురు నాయకులూ తమ తమ ప్రజల ముందు తలెత్తుకుని నిలబడగలిగారు. దౌత్యంలో ఇటువంటి అబద్ధాన్ని నేను తప్పుపట్టను.

రేక్యావిక్‌లో అమెరికా తలపెట్టిన అంతరిక్ష రక్షణ పథకం దగ్గర మాట తెగి ఒప్పందం కుదరలేదు. అక్కడ తవ్విన పునాది మీదనే 1987 డిసెంబరు 8న మధ్యశ్రేణి అణు క్షిపణుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇక్కడితో ఆపేసి, గూఢచర్య వివాదం సంబంధాలను చెడగొట్టలేకపోయిందని రాస్తాయి.

అక్టోబరులో చెల్లించిన వెల

రేక్యావిక్ ముగిసిన వారానికి, అక్టోబరు 19న, తమ 25 మంది బహిష్కరణకు జవాబుగా సోవియట్ ప్రభుత్వం ఐదుగురు అమెరికన్ దౌత్యవేత్తలను పంపించేసింది. 21న అమెరికా 55 మందిని వెళ్లగొట్టింది: ఐదుగురు ఐదుగురికి బదులు, మిగిలిన 50 మంది ఇరుదేశాల కార్యాలయాల సంఖ్య సమానం చేయడానికి. 22న మాస్కో మరో ఐదుగురిని పంపించి, అసలు దెబ్బ వేరేచోట కొట్టింది. అమెరికా రాయబార కార్యాలయంలోనూ, లెనిన్‌గ్రాడ్ కాన్సులేట్‌లోనూ పనిచేస్తున్న 260 మంది సోవియట్ ఉద్యోగులను ఒక్క మాటతో వెనక్కి పిలిచేసింది.

వీరెవరు? డ్రైవర్లు, వంటవాళ్లు, మెకానిక్‌లు, ఊడ్చి తుడిచేవాళ్లు, అనువాదకులు. మరునాటి నుంచి మాస్కోలోని అమెరికన్ అధికారులు వంతులు వేసుకుని ట్రక్కులు నడిపారు, సామాన్లు దించారు, నేలలు తుడిచారు, చలికాలంలో మంచు తోశారు. సోవియట్ రాజకీయాలను చదివి నివేదికలు పంపవలసిన మనిషి ఒక పూట పార పట్టుకుంటే ఆ పూట నివేదిక ఉండదు. గోర్బచేవ్ సంస్కరణలు మొదలై, మాస్కోలో ఏం జరుగుతోందో తెలుసుకోవలసిన అవసరం మునుపెన్నడూ లేనంతగా ఉన్న రోజులవి. ఆ 260 మందిలో కేజీబీకి కబుర్లు చేరవేసేవాళ్లు ఉన్నారన్న అనుమానం అమెరికాకు ఎప్పటినుంచో ఉన్నదే; విదేశీ కార్యాలయాలకు పనివాళ్లను సరఫరా చేసేది సోవియట్ ప్రభుత్వ సంస్థే. అందువల్ల పోతే పోయారనుకున్న వారూ వాషింగ్టన్‌లో ఉన్నారు. భద్రత లెక్కలో అది లాభం కావచ్చు, పని లెక్కలో మాత్రం పచ్చి నష్టం.

ఈ కాగితం చదివాక పుత్తూరు నుంచి వచ్చే ఒక విద్యార్థి, "అత్త మీద కోపం దుత్త మీద చూపించినారు సార్" అన్నాడు. అంతకంటే పొందికగా నేను చెప్పలేను. నాయకులు కలిసి కూర్చోవాలనుకున్నారు గనుక ఒకరినొకరు కొట్టుకోలేరు. ఊరికే వదిలేస్తే చేతగానివాళ్లమనిపించుకుంటారు. ఆ కోపం ఎవరి మీద చూపినా చర్చలు ఆగని చోటు వెతుక్కుంది, అది కార్యాలయ సిబ్బంది.

సమావేశమే కూలిన సందర్భం

అలాగని అగ్రస్థాయి ఎప్పుడూ క్షేమంగా ఉంటుందనుకోకూడదు. 1960 మే 1న సోవియట్ గగనతలంలో యూ-2 గూఢచార విమానం కూలినప్పుడు, పైలట్ బతికి ఉండడని నమ్మిన అమెరికా, అది దారితప్పిన వాతావరణ పరిశోధక విమానమని ప్రకటించింది. పైలట్ పవర్స్ ప్రాణాలతో తమ చేతిలో ఉన్నాడని సోవియట్ నాయకుడు కృశ్చేవ్ మే 7న బయటపెట్టారు. కట్టుకథ బెడిసికొట్టాక అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ బాధ్యత తన మీదే వేసుకున్నారు. పారిస్ శిఖరాగ్ర సమావేశం మే 16న మొదలవుతూనే కుప్పకూలింది. కృశ్చేవ్ క్షమాపణ అడిగారు, ఐజన్‌హోవర్ చెప్పలేదు, ఆయన సోవియట్ పర్యటనా రద్దయింది. పవర్స్‌ను సోవియట్ గూఢచారి రుడాల్ఫ్ అబెల్‌తో 1962 ఫిబ్రవరిలో బెర్లిన్ దగ్గరి వంతెన మీద మార్చుకున్నారు.

అధ్యక్షుడు నిజం ఒప్పుకోవడం నైతికంగా మెచ్చదగినదే. దౌత్యపరంగా చూస్తే, కిందివారి మీదికి నెట్టడానికి ఇక ఎవరూ మిగలలేదు. 1986లో షుల్జ్, షెవర్డ్‌నాడ్జ్ న్యూయార్క్, వాషింగ్టన్‌లలో రోజుల తరబడి కూర్చుని ముడి విప్పుతుంటే అగ్రనేతలిద్దరూ ఒక మెట్టు ఎడంగా ఉన్నారు. 1960లో ఆ ఎడం లేదు. రెండు వారాల్లోనే వ్యవహారం ఇద్దరు మనుషుల పరువు మీదికి వచ్చి నిలిచింది.

జాదవ్ కేసుకు వస్తే

ఇంత దూరం వచ్చాక విద్యార్థులు జాదవ్ కేసును వేరే కళ్లతో చదువుతారు. 2016 మార్చిలో బలూచిస్తాన్‌లో పట్టుకున్నామని పాకిస్తాన్, ఇరాన్‌లో వ్యాపారం చేసుకుంటున్న విశ్రాంత నౌకాదళ అధికారిని అపహరించారని భారత్ చెబుతున్నాయి. దౌత్య రక్షణ లేని మనిషి, కనుక జైలు. 2017 ఏప్రిల్‌లో సైనిక న్యాయస్థానం మరణశిక్ష. భారత్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. హరీశ్ సాల్వే ఒక్క రూపాయి ఫీజుకు వాదించారన్నది మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. నేను వారి దృష్టిని తిప్పేది విచారణ తేదీల వైపు: 2019 ఫిబ్రవరి 18 నుంచి 21 వరకు. పుల్వామా దాడి 14న, బాలాకోట్ దాడి 26న. రెండు దేశాలూ యుద్ధం అంచున ఉన్న ఆ రెండు ఘటనల నడుమ ఇరువురి న్యాయవాదులూ ఒకే కోర్టులో వంతులవారీగా వాదించుకున్నారు.

ఆ జూలై 17న 15–1 తేడాతో వచ్చిన తీర్పు జాదవ్‌ను విడిచిపెట్టమనలేదు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణను పాకిస్తాన్ ఉల్లంఘించిందని, కాన్సులర్ సాయం అందనివ్వాలని, శిక్షను సమీక్షించాలని, అంతవరకు అమలు ఆపాలని చెప్పింది. సెప్టెంబరు 2న ఇస్లామాబాద్‌లోని భారత ఉప హైకమిషనర్ ఆయనను కలిశారు. హేగ్‌లో అంత పోరాడి గెలుచుకున్నది, చివరికి మన కార్యాలయం నుంచి ఒక అధికారి వెళ్లి ఖైదీని చూసి మాట్లాడే హక్కు. ఆ కార్యాలయమే చిక్కిపోతే?

చిక్కిపోతూనే ఉంది. పాకిస్తాన్ హైకమిషన్ సిబ్బంది గూఢచర్యానికి పాల్పడుతున్నారని, ఉగ్రవాద సంస్థలతో లావాదేవీలు నడుపుతున్నారని చెబుతూ 2020 జూన్ 23న భారత్ ఇరువైపులా సిబ్బందిని సగానికి తగ్గించాలని నిర్ణయించింది. 110 ఉన్న సంఖ్య 55 అయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత అది 30కి దిగింది. ఈ రెండవ కోత గూఢచర్య వివాదం వల్ల వచ్చింది కాదు. కానీ మొదటిసారి అలవాటైన చర్యను రెండవసారి తీసుకోవడం తేలిక.

1986తో పోలిక ఇక్కడ కొంతవరకే నడుస్తుంది, ఆ హద్దును విద్యార్థులకు దాచను. ఆనాడు సిబ్బందిని కోసుకుంటున్నవారికి పైన అందుకోవలసిన ఒప్పందం ఉంది, కోత దానికి చెల్లించిన వెలగా కనిపిస్తుంది. ఆ ఒప్పందం కింద 1988 నుంచి సోవియట్ తనిఖీదారులు యూటాలోని క్షిపణి కర్మాగారం గేటు దగ్గరా, అమెరికన్లు వోట్కిన్స్క్ కర్మాగారం గేటు దగ్గరా కాపురమే పెట్టారు. మన విషయంలో పైన అటువంటిది ఏదీ లేదు. కోత ఒక్కటే ఉంది.

ఈ కోత ఎవరికి తగులుతుందో చూపడానికి నా దగ్గరున్న చివరి కాగితం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులది. గుజరాత్‌కు కూలికి వెళ్లి, 2018 నవంబరులో సముద్రంలో వేట సాగిస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి ఇంటికి వచ్చారు. అప్పటికి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. ఇటువంటి ఖైదీని అధికారి వెళ్లి కలిసి, ఇతను మా దేశస్థుడేనని నిర్ధారిస్తేగాని విడుదల కాగితం కదలదు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆపరేషన్ సిందూర్ జరిగిన 2025లో కూడా జూలై 1న ఆ జాబితాలు చేతులు మారాయి.

కేసు చివర విద్యార్థులకు ఇచ్చే రాతపని ఇది: ఇస్లామాబాద్ కార్యాలయంలో 55 మందిని 30కి తగ్గించి, ఏ విభాగంలో ఎందరిని ఉంచుతారో కారణాలతో రాయాలి. చాలామంది రాజకీయ, భద్రతా విభాగాలను ముందు నింపుకుని కాన్సులర్ విభాగానికి ఒకరినో ఇద్దరినో మిగులుస్తారు. మత్స్యకారుల కాగితం ఆ తరువాతే ఇస్తాను. అప్పుడు మళ్లీ లెక్క వేస్తారు.